‘సబ్ ఠీక్ హై’ అనే ముందు

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఒత్తిడి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా చేరి సుబేదారుగా రిటైరయినవాణ్ణి. సర్వీసులో కొన్ని వేల చేతులకు బీపీ పట్టీ చుట్టాను. నా చేతికి చుట్టుకోవాలని మాత్రం ఇరవై రెండేళ్ళు తోచలేదు. చుట్టుకునేలా చేసింది మా ఆవిడ.

అప్పుడు నాకు కలకత్తా పోస్టింగు. ఒకరోజు రాత్రి అన్నం వడ్డిస్తూ, “మీరు మెట్లెక్కే చప్పుడు వినగానే పిల్లలు టీవీ కట్టేసి లోపలికి పోతున్నారు. ఎప్పుడైనా చూశారా?” అంది. చూశాను. భయభక్తులు అనుకున్నాను! మరునాడు డ్యూటీలో నా బీపీ నేనే చూసుకుంటే 164/102. మిషను పాడయిందేమోనని ఇంకోదానితో చూశాను. అదీ ఆ మాటే చెప్పింది.

స్ట్రెస్ అన్న మాట మొదట ఇంజనీర్లది. కడ్డీ మీద బరువు పడితే లోపల పుట్టే ఒత్తిడికి ఆ పేరు. 1936లో మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేసి ఒక సంగతి ప్రకటించాడు. చలి అయినా, గాయం అయినా, విపరీతమైన శ్రమ అయినా, ఎలుక శరీరంలో కలిగే మార్పులు మాత్రం ఒకే రకంగా ఉన్నాయట. తరువాతి కాలంలో ఆయనే స్ట్రెస్ అన్న మాటను వైద్యంలో ప్రచారంలోకి తెచ్చాడు.

దాన్ని కొలవడం ఎలా? 1967లో అమెరికాలో హోమ్స్, రాహే అనే ఇద్దరు వైద్యులు జీవితంలో వచ్చే 43 మార్పులకు మార్కులు వేశారు. ఈ రాహే నౌకాదళంలో పనిచేసినవాడే, అంటే మన బిరాదరీ మనిషే. జీవిత భాగస్వామి పోతే 100. పెళ్ళికి 50, రిటైర్మెంటుకు 45. క్రిస్మస్ పండక్కి కూడా 12 వేశారు. మనం సంక్రాంతికి వేసుకోవచ్చు, అల్లుళ్ళు వచ్చే ఇంట్లో ఇంకో నాలుగు కలుపుకోవచ్చు.

మన పోస్టింగు ఒక్కటి ఈ లెక్కలో వేసి చూడండి. ఇల్లు మారడం 20, పిల్లల బడి మారడం 20, కొత్త బాధ్యతలు 29, ఉండే పరిస్థితులు మారడం 25, నిద్రవేళలు 16, తిండి 15, భార్య అక్కడ చేస్తున్న ఉద్యోగం మానేయడం 26. మొత్తం 151. వాళ్ళ లెక్కలో 150 దాటితే జాగ్రత్తపడాలి, 300 దాటితే గట్టిగా జాగ్రత్తపడాలి. మన ఇళ్ళల్లో అమ్మాయిలు మూడేళ్ళకోసారి ఆ 151 మోస్తూ, పెట్టెలకు పేర్లు రాసుకుంటూ వచ్చారు. వాళ్ళకు మెడల్ లేదు.

అయితే ఈ మార్కులను జాతకంలా నమ్మొద్దు. రాహే తన నౌకాదళంలోనే నావికుల మీద ఇదే లెక్క వేసి చూశాడు. మార్కులకూ జబ్బులకూ సంబంధం ఉందిగానీ స్వల్పమే. 1981లో లాజరస్ బృందం ఇంకోలా చూసింది. పెద్ద సంఘటనలను వదిలి రోజువారీ చిరాకుల పట్టిక వేశారు. మనిషి ఆరోగ్యం గురించి పెద్ద కష్టాలకంటే ఈ చిన్న చికాకులే ఎక్కువ చెప్పాయి. నా అనుభవమూ అదే. బరువైన పిట్టూ కంటే బూటులో పడ్డ ఇసుకరేణువే మనిషిని ఎక్కువ కుంటిస్తుంది.

బీపీకి డాక్టరుగారు మందు రాశారు, వేసుకున్నాను, ఇప్పటికీ వేసుకుంటున్నాను. దాంతోపాటు ఒక పని చెయ్యమన్నారు. రెండు వారాలు జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకుని, కోపం వచ్చినప్పుడల్లా టైమూ, అంతకు ముందు ఏం జరిగిందో రాయమన్నారు. నాకు నామోషీ అనిపించినా ఆర్డరు కదా, రాశాను.

మూడు పేజీలు నిండేసరికి నాకే ఆశ్చర్యం. ఆఫీసు పని, ప్రమోషన్ దిగులు అనుకున్నవి అందులో పెద్దగా లేవు. సగానికి పైగా సాయంత్రం ఆరున్నర, ఏడు మధ్యనే ఉన్నాయి. రోజూ ఆ వేళకే శ్రీకాకుళం నుంచి తమ్ముడి ఫోను వచ్చేది. “అన్నయ్యా, నాన్నకి మళ్ళీ ఆయాసం. నువ్వెప్పుడొస్తావు?” అనేవాడు. వాడి తప్పేం లేదు, మంచం పక్కన కూచున్నవాడు వాడు. పండగల రోజుల్లో ఫలక్‌నుమాకు టికెట్టు దొరకడమంటే మీకు తెలిసిందే. నేను జవాబు లేకుండా ఫోను పెట్టేసి, ఆ మొహంతోనే మెట్లెక్కేవాణ్ణి. తలుపు తీసిన పిల్లలు ఏం చేస్తారు?

మార్చుకున్నవి రెండే. తమ్ముడితో మాట్లాడి, అత్యవసరం లేకపోతే ఆదివారం పొద్దున తీరిగ్గా అరగంట మాట్లాడుకుందామని ఒప్పందం పెట్టుకున్నాం. ఆ రోజు నేనే ముందు చేసేవాణ్ణి. రెండోది, ఇంటికి తిన్నగా పోకుండా ఇరవై నిమిషాలు ప్రిన్సెప్ ఘాట్ దగ్గర గంగ ఒడ్డున నడవడం. ఊపిరి మెల్లగా తీసి, అంతకంటే మెల్లగా వదలడం. నాన్న ఆయాసం దీంతో తగ్గలేదు, ఆయన మరుసటి ఏడే పోయారు. కానీ మా చిన్నమ్మాయి మళ్ళీ హోంవర్కు పట్టుకుని నా దగ్గరకి రావడం మొదలుపెట్టింది.

ఇంకొక మాట, కొంచెం కష్టమైన మాట. మా యూనిట్లో విజయనగరం కుర్రాడొకడు ఉండేవాడు. ఎప్పుడడిగినా “సబ్ ఠీక్ హై, సాబ్” అనేవాడు. ఒకరోజు తెలుగులో, “ఏరా తమ్ముడూ, నిద్ర పడుతోందా?” అని అడిగాను. మూడు వారాలుగా సరిగ్గా పట్టలేదన్నాడు. ఊళ్ళో పొలం గట్టు జరిపేశారు, ముసలి తల్లి ఒక్కతే ఉంది. క్యాంటీన్ సీసాతో నిద్రపోవాలని చూస్తున్నాడు. మందు తాగితే కన్ను తొందరగా మూతపడుతుంది గానీ తెల్లవారుజామున నిద్ర చెడుతుంది. ఇక బతికి ఏం లాభం అనిపిస్తోందని కూడా చెప్పాడు. ఆ రాత్రి వాణ్ణి ఒంటరిగా వదలలేదు. అప్పుడే డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్ళాను. కమాండింగ్ ఆఫీసరుగారు జిల్లా కలెక్టరుకు ఉత్తరం రాశారు. సెలవు దొరికింది. కేసు చాలాకాలం నడిచింది, కుర్రాడు మాత్రం నిలబడ్డాడు. ఈమధ్యనే కూతురి పెళ్ళి శుభలేఖ పంపాడు.

జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు ఉన్నది ఇలాంటి వాటి కోసం కూడా. ఫోనులో మాట్లాడదలిస్తే టెలీ మానస్ నంబరు 14416, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. సైనిక కుటుంబాల కోసం 2023 డిసెంబరులో పూణే సాయుధ దళాల వైద్య కళాశాలలో దీని ప్రత్యేక విభాగం కూడా ప్రారంభించారు. నంబరు పెన్నుతో రాసుకోండి, మీకు కాకపోయినా పక్క బంకు మీద పడుకునేవాడికి పనికొస్తుంది.

రిటైరైన అన్నలు నవ్వుతున్నారు, మాకేం ఒత్తిడని. నలభై అయిదు మార్కులు మీవే! పొద్దున రోల్‌కాల్ లేదు, పేరు పెట్టి పిలిచేవాడు లేడు, ఇంట్లో మాత్రం రోజుకు మూడుసార్లు ఇన్‌స్పెక్షన్. వంటింట్లో డబ్బాలు వరసలో పెట్టించబోయి నేను తిన్న చివాట్లు ఇక్కడ చెప్పను, ఆవిడ ముందువరసలోనే కూచున్నారు.

పుస్తకాల స్టాలు పక్కన నా బీపీ మిషను పెట్టాను. భోజనాలకు ముందే రండి. కాఫీ, సిగరెట్టు అయినవాళ్ళు అరగంట ఆగండి, కుర్చీలో అయిదు నిమిషాలు కదలకుండా, మాట్లాడకుండా కూచోండి. ఆడవాళ్ళు కూడా రావాలి, వాళ్ళవి ముందు చూస్తాను.