ఇంకో ముద్ద పెట్టే చేతికి తోడు

(శ్రీ విజయపురం - పోర్ట్ బ్లెయిర్‌లో జరిగిన మన బ్యాంకు సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను డాక్టరును కాను, మీలాగే శాఖలో పనిచేసే ఆఫీసరును. అయినా ఒప్పుకున్నాను. మన ఇళ్లలో పెద్దగా ఎవరూ పేరెత్తని జబ్బు ఒకటుంది, అనోరెక్సియా నెర్వోసా. రెండేళ్ల క్రితం అది మా ఇంటికి వచ్చింది. అప్పటికి మా అమ్మాయికి పద్నాలుగేళ్లు. తనను అడిగి, తను సరేనన్నాకే ఈ సంగతులు మీ ముందు చెబుతున్నాను.

ఈ జబ్బుకు 1873లో ఆ పేరు పెట్టింది లండన్ వైద్యుడు విలియం గల్. ఆ పేరుకు ఆకలి లేకపోవడం అని అర్థం. నిజానికి ఈ పిల్లలకు ఆకలి ఉంటుంది. బరువు పెరుగుతామన్న భయం ఆ ఆకలిని మించిపోతుంది. మొదట్లో చూసేవాళ్లకు ఇది మంచి క్రమశిక్షణలాగే కనిపిస్తుంది. ముందు స్వీట్లు మానేస్తారు, తర్వాత నెయ్యి, నూనె, ఆ తర్వాత అన్నం. చపాతీని చిన్న చిన్న ముక్కలు చేసి అరగంట కంచంలో తిప్పుతారు. ‘ఫ్రెండ్ వాళ్లింట్లో తినేశాను’ అంటారు. వదులు బట్టలు వేసుకుంటారు. ఊరికే చలి అంటారు. జుట్టు రాలుతుంది, నెలసరి ఆగిపోతుంది. మగపిల్లలకూ వస్తుంది. పైకి మరీ సన్నగా కనిపించని పిల్లలకూ రావచ్చు. మానసిక జబ్బుల్లో ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నవాటిలో ఇదొకటి. కళ్లు తిరిగి పడిపోయినా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కంటే తక్కువ కొట్టుకుంటున్నా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

1944, 45 సంవత్సరాల్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితోనే ఆరు నెలలు అరకొర భోజనం పెట్టి పరిశీలించారు. వాళ్లలో చాలామందికి చిరాకు పెరిగింది, నలుగురిలో కలవడం తగ్గింది. రోజంతా తిండి ఆలోచనే. కొందరు వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు. అంటే మనం పిల్లల్లో చూసే మొండితనం, కోపం చాలావరకు పస్తుల వల్ల వచ్చినవే. అందుకే ఈ జబ్బుకు మొదటి మందు అన్నమే.

ఆ మందు వేయాల్సింది తల్లిదండ్రులు. 1980లలో లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్స ఇదే చెబుతుంది. మొదటి దశలో ఏం తినాలి, ఎంత తినాలి అన్నది పూర్తిగా అమ్మానాన్నలే నిర్ణయిస్తారు. ఆరోగ్యం కుదుటపడే కొద్దీ ఆ బాధ్యతను మెల్లగా పిల్లలకు తిరిగి అప్పగిస్తారు. చివరి దశలో చదువు, స్నేహాలు, ఆ వయసుకు తగ్గ జీవితం. ఒక్క జాగ్రత్త ఉంది. చాలాకాలం పస్తులున్న శరీరానికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు వంటి లవణాలు పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. ఎంతతో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి.

వినడానికి తేలికగానే ఉంటుంది. రోజుకు ఐదారు సార్లు కంచం ముందు కూర్చుని, ఏడుస్తున్న బిడ్డకు ‘ఇంకో ముద్ద’ అని చెప్పడం, అదీ నెలల తరబడి, ఒక మనిషి వల్ల అయ్యే పని కాదు. మా ఇంట్లో అది ఒక మనిషి మీదే పడింది. వైద్యం కోసం మా ఆవిడ, అమ్మాయి విశాఖపట్నంలో ఉన్నారు. నా పోస్టింగ్ ఇక్కడ. మధ్యలో బంగాళాఖాతం. ద్వీపాల పోస్టింగులో ఇలా రెండు కాపురాలు చేసే కుటుంబాలు ఈ హాల్లోనూ ఉన్నాయి.

అప్పుడు మా సైకాలజిస్టు, ఇలాంటి పిల్లలున్న తల్లిదండ్రుల కోసం తాము నడిపే ఆన్‌లైన్ సమావేశంలో చేరమన్నారు. ఏడు కుటుంబాలు, ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, గంటసేపు. హైదరాబాదు నుంచి ఒకావిడ, విజయనగరం నుంచి టీచరు దంపతులు, మస్కట్ నుంచి ఒక తండ్రి వచ్చేవారు. విశాఖ నుంచి మా ఆవిడ, ఇక్కడి క్వార్టర్ నుంచి నేను. చెన్నై నుంచి ఈ ద్వీపాలకు సముద్రం అడుగున వేసిన సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఇక్కడ పనిచేసినవాళ్లను అడగండి, వీడియో కాల్ సంగతి దేవుడెరుగు, ఒక ఫోటో వెళ్లడానికి ఎంతసేపు పట్టేదో చెబుతారు.

ఒక ఆదివారం మా ఆవిడ, ‘నావల్ల కాదు. కంచం తోసేసింది. నువ్వంటేనే నాకు అసహ్యం అంది’ అని ఏడ్చేసింది. సముద్రానికి ఇవతల కూర్చుని వింటున్న నాకు నోట మాట రాలేదు. హైదరాబాదు ఆవిడ అందుకున్నారు. ‘అక్కా, ఆ మాట అన్నది మీ పాప కాదు, జబ్బు. మా వాడూ మొన్న మార్చిలో అదే అన్నాడు. ఇప్పుడు పెరుగన్నం తనే కలుపుకుంటున్నాడు. రేపు పొద్దున మామూలుగా ఇడ్లీ పెట్టండి. వాదించకండి. పక్కన కూర్చోండి.’ మర్నాడు మూడు ఇడ్లీలకు గంటా నలభై నిమిషాలు పట్టింది. కానీ తింది.

డాక్టరు చెప్పిందీ అదే. అయితే ఆ పని నిన్న రాత్రి తన ఇంట్లో చేసిన తల్లి చెబితే చేతికి బలం వస్తుంది. ఆ సమావేశం మా అమ్మాయికి వైద్యం చేయలేదు. వైద్యం చేయాల్సిన మమ్మల్ని నిలబెట్టింది. రాత్రి భోజనానికి ఫోన్ ఎదురుగా పెట్టుకుని, అక్కడ అమ్మాయి తింటుంటే ఇక్కడ నేను తినడం కూడా మస్కట్ తండ్రిని చూసి నేర్చుకున్నదే.

దానికి కొన్ని కట్టుబాట్లున్నాయి. పిల్లల కిలోల లెక్క చెప్పకూడదు, పోలిక మొదలవుతుంది. ఫోటోలు చూపకూడదు. అక్కడ విన్నది బయటకు పోకూడదు. మందులు, రక్తపరీక్షల సంగతి డాక్టరుతోనే. తల్లులే కాదు, తండ్రులూ రావాలి. ఎవరైనా ప్రమాదకర లక్షణం చెబితే, సైకాలజిస్టు చర్చ ఆపి వాళ్లను వెంటనే ఆసుపత్రికి వెళ్లమంటారు. ఇది మనకు కొత్త కావచ్చు గానీ ప్రపంచానికి కాదు. అమెరికాలో లారా కాలిన్స్ అనే తల్లి 2008లోనే ఇలాంటి తల్లిదండ్రుల కోసం ‘ఫీస్ట్’ అనే సంస్థ స్థాపించారు.

సాటి ఉద్యోగులుగా మీరు చేయగలిగిందీ ఉంది. పిల్లలు ఎదురైతే ‘చిక్కిపోయావే’, ‘ఒళ్లు చేశావే’ అనకండి. కోలుకుంటున్న పిల్లకు ‘ఇప్పుడు బొద్దుగా ముద్దొస్తున్నావు’ అన్న మాట కూడా ములుకులా గుచ్చుకుంటుంది. చదువు గురించో, చూసిన సినిమా గురించో అడగండి. పెళ్లిలో పంక్తిలో కూర్చుంటే ఆ పిల్ల విస్తరి వైపు చూడకండి. మధ్యాహ్నం బిడ్డకు అన్నం పెట్టి వస్తానని ఒక తల్లి గంట పర్మిషన్ అడిగితే కారణాలు తవ్వకుండా కౌంటరు కాస్త చూసుకోండి.

అనుమానం ఉంటే ముందు ఇక్కడే జి.బి. పంత్ ఆసుపత్రిలో డాక్టరుకు చూపించండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.

మా అమ్మాయి ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. పరీక్షలప్పుడు పాత భయం మళ్లీ తొంగిచూస్తుంది, మేం మళ్లీ పక్కన కూర్చుంటాం. ఆదివారం సమావేశానికి మేమిద్దరం ఇంకా వెళుతూనే ఉన్నాం. పోయిన వారం ఒక కొత్త జంట వచ్చింది. గంటసేపూ ఏమీ మాట్లాడలేదు. చివర్లో ఆ తండ్రి, ‘వచ్చే ఆదివారం కూడా ఉంటారు కదండీ?’ అని మాత్రం అడిగారు. ఉంటామని చెప్పాం.

సెలవు.