తీరికలేని తల్లులు - చర్మరక్షణ



తెల్లవారుజామున లేచి, వంట ముగించి, పిల్లలకు జడలు వేసి, మధ్యాహ్నపు డబ్బాలు సర్ది, బస్సు వేళకు వీధిలోనికి పరుగెత్తవలసిన తల్లికి చర్మసౌందర్యమును గూర్చి ఉపన్యసించుట హాస్యాస్పదముగా తోచవచ్చును. ముఖము నింపాదిగా కడుగుకొనుటకే తీరిక చిక్కనివారికి పూతలును, లేపనములును, గంటల తరబడి అద్దము ముందు కూర్చుండుటయు ఎట్లు కుదురును? అయినను చర్మము కేవలము అలంకారమునకు సంబంధించినది కాదు. అది మన దేహమునకు కంచె వంటిది. ఆ కంచె కోరు సేవ చాల స్వల్పము. ఆ స్వల్పమేదో తెలిసినచో కాలమును ధనమును మిగులును. తెలియనిచో ఆ రెండును పోవుటయే కాక, ఒక్కొక్కప్పుడు ఆరోగ్యమునకే ముప్పు వాటిల్లును. నేటి ప్రసంగమున మేము విన్నవింపదలచినది ఇదియే.

ముందుగా చర్మము పనిచేయు తీరును కొంచెము తెలిసికొందము. చర్మపు పైపొరను ఇటుకల గోడతో పోల్చవచ్చును. ఎండిన కణములు ఇటుకలైనచో, వాని నడుమనుండు కొవ్వు పదార్థము సున్నము వంటిది. ఈ గోడ లోపలి తేమను బయటకు పోనీయదు. బయటి మురికిని, క్రిములను లోనికి రానీయదు. అడుగున పుట్టిన కణము పైకి వచ్చి రాలిపోవుటకు సుమారు 4 వారములు పట్టును. వయస్సు పైబడినకొలది ఇంకను ఎక్కువ కాలము పట్టును. ఈ ఒక్క విషయము గుర్తుంచుకొన్నచో, రాత్రికి రాత్రి ముఖము మార్చివేయుదుమను ప్రకటనలను ఎంతవరకు నమ్మవలెనో మనకే తెలిసిపోవును.

ఈ గోడను కాపాడుటకు చేయవలసిన పనులు మూడే: శుభ్రపరచుట, తేమ నిలుపుట, ఎండనుండి కాచుట.

శుభ్రపరచుట అనగా తోమివేయుట కాదు. చర్మపు పైపొరకు సహజముగా కొంచెము ఆమ్లగుణము కలదు. మామూలు సబ్బులకు క్షారగుణము ఎక్కువ. అందువలన మాటిమాటికి సబ్బు రుద్దినచో పైన చెప్పిన సున్నము కరగి, చర్మము బిగిసి, పొట్టు రేగును. ముఖమును దినమునకు రెండుసార్లు, సౌమ్యమైన సబ్బుతో గాని ముఖము కడుగుకొను ద్రవముతో గాని, చన్నీటితోనో గోరువెచ్చని నీటితోనో కడిగిన చాలును. వేడినీరు ముఖమునకు పనికిరాదు. మన ఇండ్లలోని సున్నిపిండి మంచిదే. కాని దానిని మెత్తగా జల్లించి, తడిపి, మృదువుగా రాయవలెను. గరుకుపిండితో నలుగు పెట్టినట్లు ముఖమును రుద్దినచో కంటికి కనబడని గీతలు పడును. నిమ్మరసము రాచుకొని ఎండలోనికి పోవుట మరింత ప్రమాదము. ఆ రసమునకు ఎండ తోడైనచో చర్మము కాలినట్లై నల్లని మచ్చలు మిగులును.

రెండవది తేమ. స్నానము చేసిన పిదప తుండుగుడ్డతో ఒళ్ళు రుద్దుకొనక, అద్దుకొని, చర్మము ఇంకను తడిగా ఉన్న రెండు మూడు నిమిషములలోనే తేమ నిలుపు లేపనమును రాచుకొనవలెను. ఆరిన చర్మముపై అరగంట సేపు రాచిన దానికంటె, తడి చర్మముపై అరనిమిషము రాచినది ఎక్కువ ఫలమిచ్చును. కాళ్ళకు చేతులకు కొబ్బరినూనె గాని, వ్యాజిలైను గాని చాలును. మొటిమలు వచ్చు ముఖమునకు మాత్రము కొబ్బరినూనె తగదు. అది రంధ్రములను మూసివేయవచ్చును. అట్టివారు గ్లిజరిను కలిసిన పలుచని లోషను వాడుట మేలు.

మూడవది ఎండ. చామనచాయ కలవారికి ఎండ ఏమియు చేయదని మనలో ఒక అపోహ కలదు. మన చర్మములోని నలుపువన్నె పదార్థము కొంత రక్ష ఇచ్చుమాట నిజమే. కాని మచ్చలు పడు గుణము మన చర్మమునకే ఎక్కువ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములలో ఒక రకము అద్దముగుండా కూడ ప్రసరించును. కావున బస్సు కిటికీ ప్రక్కన గంటసేపు కూర్చుండువారును ఎండలో ఉన్నట్లే. 30 అను అంకె గల సన్‌స్క్రీను, చర్మమును కమలించు కిరణములలో సుమారు నూటికి 97 పాళ్ళు ఆపును. 50 అంకె గలది 98 పాళ్ళు ఆపును. భేదమెంత స్వల్పమో చూడుడు. పెద్ద అంకెకు పెద్ద మూల్యము చెల్లించుటకంటె, తగినంత రాచుకొనుట ముఖ్యము. చూపుడువ్రేలు, నడిమివ్రేలు పొడవునా పిండిన లేపనము ముఖమునకు, మెడకు సరిపోవును. ఎండలో పనిచేయువారు రెండేసి గంటలకు ఒకసారి మరల రాచుకొనవలెను. అది కొనగల స్థోమత లేనివారు చింతింప పనిలేదు. గొడుగు, పొడవుచేతుల నూలు రవిక, తలపై దట్టమైన కొంగు మన పూర్వులు ఎరిగిన రక్షణములే. నేటికిని వానికి సాటి లేదు.

ఇక వేళ విషయము. ఈ పనులకై ప్రత్యేకముగా వేళ కేటాయింప యత్నించినచో నాలుగు దినములలో మానివేయుదుము. కావున ప్రతిదినము తప్పక చేయు పనికి వానిని ముడివేయవలెను. పండ్లు తోముకొనునప్పుడే ముఖము కడుగుట, స్నానము కాగానే తేమ లేపనము, జడ వేసికొని బొట్టు పెట్టుకొనుటకు ముందు సన్‌స్క్రీను, రాత్రి పిల్లలను పండబెట్టుటకు ముందు మరల ముఖము కడిగి కొంచెము లేపనము. అన్నియు కలిపి దినమునకు 5 నిమిషములు మించవు. సీసాలను బీరువాలో దాచక, స్నానపుగది గూటిలోనో, దువ్వెన ప్రక్కనో ఉంచుడు. కంటికి కనబడు వస్తువే చేతికి అందును.

ముఖమునకు చూపు శ్రద్ధలో సగమైనను చేతులకు, పాదములకు చూపవలెను. అంట్లు తోమి, బట్టలు ఉతికి, గంటకొకసారి చేతులు కడుగుకొను నర్సు సోదరీమణులకు చేతులు పగులుట మనము చూచుచున్నదే. నీటిపని ముగియగానే తడి అద్దుకొని చిటికెడు నూనె రాయుట ఒక్క నిమిషపు పని. గుంటూరు ప్రాంతమున మిరపకాయల తొడిమలు తీయు తల్లులు సాయంకాలము బిడ్డను ఎత్తుకొనవలెనన్న జంకుదురు. చేతిమంట బిడ్డ కన్నులకు తగులునేమోనని భయము. మిరపలోని కారపు పదార్థము నీటిలో కరగదు, నూనెలో కరగును. కావున ముందు చేతులకు వంటనూనె పట్టించి, పాతగుడ్డతో తుడిచి, ఆ పిదప సబ్బుతో కడుగవలెను. మడమల పగుళ్ళకు రాత్రివేళ పది నిమిషములు గోరువెచ్చని నీటిలో పాదములుంచి, వ్యాజిలైను రాచి, నూలు మేజోళ్ళు తొడిగి నిద్రించినచో కొలది వారములలో గుణము కనబడును. మధుమేహము కలవారు మాత్రము ముందుగా నీటి వేడిని ఇతరులచే చూపించుకొనవలెను. పాదములను ప్రతిదినము పరీక్షించుకొనవలెను.

మరి రెండు చిన్న విషయములు. పావడ బొందు ఏండ్ల తరబడి నడుముపై ఒకేచోట బిగించుటవలన చర్మము ఒరిసి, నల్లబడి, ఒక్కొక్కరికి పుండ్లు పడుచున్నవి. మానని అట్టి పుండు కడకు క్యాన్సరుగా మారిన ఇద్దరు స్త్రీల వృత్తాంతమును మన దేశపు వైద్యులే 2024లో ఒక బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించినారు. ఇది అరుదే. అయినను బొందును కొంచెము వదులుగా, వెడల్పు పట్టీతో, దినమున కొకచోట కట్టుకొనుట సులభము కదా! అట్లే అంటించుకొను బొట్టుబిళ్ళల జిగురు కొందరికి పడక, నొసట తెల్లమచ్చ ఏర్పడును. దురద తోచిన దినముననే ఆ బిళ్ళలు మాని, పడినచో కుంకుమ ధరింపవచ్చును.

ఇప్పుడు ముఖ్యమైన హెచ్చరిక. తీరిక లేని తల్లి త్వరిత ఫలమును కోరుట సహజము. ఆ త్వరయే ఆమెను మందుల దుకాణములోని చిన్న గొట్టముకడకు నడిపించుచున్నది. ప్రక్కింటివారు చెప్పిరని, వారములో ముఖము తెల్లబడినదని కొని రాచుకొను ఆ లేపనములలో పలువాటియందు బెటామెథసోను, క్లోబెటసోలు, మొమెటసోను వంటి స్టెరాయిడులు ఉండును. ఇవి వైద్యుని చేతిలో మంచి మందులే. కాని నెలల తరబడి ముఖమునకు రాచినచో చర్మము పలుచబడి, ఎఱ్ఱని నరములు తేలి, మొటిమలు, అవాంఛిత రోమములు పుట్టును. మానినచో మంట పుట్టి మరల ఆ గొట్టమునే ఆశ్రయింపవలసి వచ్చును. తామరపై రాచినచో దురద తగ్గినట్లు తోచి, తామర మాత్రము లోలోపల వ్యాపించి, ఇల్లంతయు పట్టును. ఇట్టి లేపనములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని 2018లో కేంద్రప్రభుత్వము నియమము చేసినది. కావున ఏ గొట్టమైనను కొనునప్పుడు దానిపై అక్షరములను చదువుడు; చదువుకొన్న బిడ్డలచే చదివించుడు. ఇదివరకే వాడుచున్నవారు భయపడి ఒక్కసారిగా మానక, చర్మవైద్యుని సలహాతో మానవలెను.

పేరు, చిరునామా లేని తెలుపు లేపనములు ఇంకొక ముప్పు. వానిలో కొన్నిటియందు పాదరసము కలుపుదురు. అది మూత్రపిండములను చెరచును. తల్లి చేతినుండి బిడ్డకును సోకును. పాదరసమును అరికట్టుటకై పెక్కు దేశములు కలిసి 2013లో జపానులో మినమాటా ఒప్పందమును కుదుర్చుకొన్నవనిన, ఆ విషము ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

కాన్పుల సమయమున బుగ్గలపై పడు మంగును చూచి దిగులుపడి పలువురు ఇట్టి లేపనములకు లోబడుదురు. మంగు రక్తదోషము కాదు, మురికి కాదు. గర్భధారణలో దేహమున కలుగు మార్పులకు ఎండ తోడగుటచే అది పుట్టును. కొందరికి కాన్పు తరువాత తనంత తానే తగ్గును. తక్కినవారికి ఎండనుండి రక్షణయే మొదటి మందు. లేతరంగు కలిసిన సన్‌స్క్రీను దీనికి మరింత మేలు. నెలల ఓపిక కావలెను. గర్భిణులు మచ్చల మందులను, మొటిమల మందులను వైద్యుని అడుగనిదే తాకరాదు. రెటినాయిడులను వర్గమువి వారికి నిషిద్ధములు. మెడ వెనుక మఖమలు వలె మందముగా నల్లబడినచో దానిని రాళ్ళతో తోమి లాభము లేదు. అది పెక్కుమారులు మధుమేహము రాబోవుచున్నదను సూచన, రక్తపరీక్ష చేయించుకొనవలెను. స్పర్శ తెలియని మచ్చ, మానని పుండు, రంగో పరిమాణమో మారుచున్న పుట్టుమచ్చ, వ్యాపించు తామర - వీనిలో ఏది కనబడినను జాగు చేయక ఆస్పత్రికి పోవలెను.

సోదరీమణులారా! 1975లో మన దేశమున వెలువడిన ఫెయిర్ అండ్ లవ్లీ అను ప్రసిద్ధ లేపనము 2020లో తన పేరులోని తెలుపును తొలగించుకొని గ్లో అండ్ లవ్లీ అయినది. డబ్బాపై పేరు మారినది. మన ఇండ్లలోని కొలబద్ద మారవలసియున్నది. పెండ్లిచూపుల నాటినుండి బాలింత గదివరకు స్త్రీని వన్నెనుబట్టి ఎంచు అలవాటు పోనంతకాలము, ఎన్ని చట్టములు వచ్చినను ఆ గొట్టములు అమ్ముడుపోవుచునే ఉండును. తల్లి అద్దము ముందు నిలిచి తన నలుపును నిందించుకొన్నచో, ప్రక్కన నిలిచిన కూతురు ఆ మాటను మరువదు.

ఈ ప్రసంగమును ఇంటిలోని పురుషులును వినుచుందురని తలచెదము. వారికి మా మనవి యొక్కటే. మేము అడిగినది దినమునకు 5 నిమిషములు. ఆ సమయములో బిడ్డకు అన్నము కలిపి పెట్టుటయో, డబ్బా మూత బిగించుటయో మీరు చేసినచో, ఆ 5 నిమిషములు ఆ తల్లికి దక్కును. ఏ దుకాణములోను దొరకని లేపనము అదియే.