కూజా అడుగున పేరు
(నెల్లూరి పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



నేడు మహానగరముల ప్రదర్శనశాలలలో సెరామిక్ కూజాలకు గొప్ప గౌరవము కలిగినది. పూవులుంచుటకు గాదు, చూచుటకే వానిని కొనుచున్నారు. సారెపై నెత్తిన పాత్రను పచ్చిగా నుండగనే కోసి, వంచి, మట్టిపలకలను బంకమట్టితో నతికి, కళాకారుడు దానికొక శిల్పరూపము నొసంగును. ఒకమారు కాల్చి, గాజుపూత పూసి, మఱల 1,200 డిగ్రీలకు పైబడిన వేడిమిలో కాల్చును. అడుగున తన పేరు వ్రాయును. ఆ పేరే నేటి నా ప్రసంగమునకు విషయము.

మట్టితో శిల్పము చేయుట పరదేశపు విద్యయని కొందఱు తలంచుచున్నారు. కడపసీమయందలి శంఖవరమున దొరకిన మట్టి శవపేటికను చెన్నపట్టణపు మ్యూజియమున చూడుడు. బృహచ్ఛిలాయుగము నాటిది; కాళ్ళును పొట్టేలితలయు గలది. దానిని చేసినవానిని శిల్పి కాదనగల ధైర్యమెవరికి గలదు? గాజుపూత కథ వేఱు. మన తీరమందలి కొత్తపట్నపు త్రవ్వకములలో చీనాదేశపు పింగాణి పెంకులు బయల్పడినవి. ఓడలపై వచ్చిన యా నున్నని పాత్రలు మన రేవున దిగినవి గాని, ఆ మెఱుగు మన పల్లెల కుమ్మరి ఆములకు రాలేదు.

ఇది బుద్ధిలేమి గాదు. కట్టెలు, పిడకలు పేర్చి కాల్చు ఆములో వేడిమి సాధారణముగ 900 డిగ్రీలు దాటదు; రాతివలె గట్టిపడవలసిన పాత్రకు అది చాలదు. ఇక విచిత్రము వినుడు. గాజుపూతకు మూలద్రవ్యము సిలికా. చిల్లకూరు, కోట ప్రాంతముల తెల్లని సిలికా ఇసుక లారీల కెక్కి గాజు కర్మాగారములకు పోవుచున్నది. గూడూరున సెరామిక్ విద్య నేర్పు ప్రభుత్వ విద్యాలయమును గలదు. ఇసుకయు మన యొద్దనే, చదువును మన యొద్దనే. కుమ్మరి యింటికి రెండును దూరమే!

1971లో రే మీకర్, డెబొరా స్మిత్ అను అమెరికనులు పుదుచ్చేరిలో గోల్డెన్ బ్రిడ్జి పాటరీని స్థాపించి యెందఱో కళాకారులను తీర్చిదిద్దిరి. మన తెలుగువాడైన పి. ఆర్. దారోజ్ బరోడాలో నభ్యసించి సెరామిక్ శిల్పమున దేశఖ్యాతి గాంచెను. వారియెడ నాకు గౌరవమే. అడుగున పేరు వ్రాసికొను గౌరవము మన కుమ్మరికేల లేదనియే నా ప్రశ్న. 1921 ఏప్రిల్ 7న పల్లిపాడున గాంధీమహాత్ముడు పినాకినీ సత్యాగ్రహాశ్రమమును ప్రారంభించెను. ఆనాటివారు ఖద్దరు ధరించి సాలెవానిని సభలో కూర్చుండబెట్టిరి. కుమ్మరికో, కార్తికమాసపు ప్రమిదలయొద్ద బేరమాడుట మాత్రమే మనము మిగిల్చితిమి. నేనును ఆడినవాడనే.

రాబోవు సంక్రాంతికి ఈ మందిరమున మన కుమ్మరుల పనితనమును, చేసినవారి పేర్లతో, ప్రదర్శింపవలెనని కోరుచున్నాను. సంవత్సరమునకు కొన్ని దినములైన తమ కొలిమిని వారికి విడిచి, గాజుపూత నేర్పుడని గూడూరు విద్యాలయమువారికి అర్జీ వ్రాయుదము. అన్నిటికంటె ముందు మట్టి యున్నది. చెరువుమట్టికై పోయిన కుమ్మరిని పర్యావరణానుమతి యేదని యడ్డగించుట నేను చూచితిని. సంప్రదాయానుసారముగ కుండలు, ప్రమిదలు, బొమ్మలు చేయుటకై కుమ్మరులు చేతితో త్రవ్వుకొను మట్టికి ఆ యనుమతి యక్కఱలేదని 2016 జనవరి 15 నాటి కేంద్రప్రభుత్వ ప్రకటన స్పష్టముగ చెప్పుచున్నది. ఆ భాగమును తెనిగించి ప్రతులు ఈ బల్లపై నుంచితిని. పోవునపుడు తలకొకటి తీసికొని, మీ యూరి కుమ్మరికి చదివి వినిపింపుడు. ఎవరినైన నడ్డగించినచో నాకు కబురంపుడు, రుసుము లేదు.