బతికిన మొక్కే లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొక్కల పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. ఈ సంగతి తెలిసి ఒక పెద్దమనిషి, "స్కాలర్‌షిప్పులకే డబ్బు చాలక ఇబ్బంది పడుతుంటే ఇప్పుడు మొక్కలేమిటండీ?" అని నా ముఖం మీదే అన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. కనుక ముందే మనవి చేసుకుంటున్నాను. సంఘం నిధిలోంచి స్కాలర్‌షిప్పు పైసా ఒక్కటి కూడా నేను అడగబోవడం లేదు. మీ చేతులు అడుగుతున్నాను. అదీ ఒక్క రోజుకు కాదు, మూడు వేసవులకు.

మన శ్రీకాకుళానికి పూర్వం గుల్షనాబాద్ అనే పేరు కూడా ఉండేది. గుల్షన్ అంటే పూలతోట. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇక్కడ ఫౌజుదారుగా ఉన్న షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ మన కళ్ళెదుట ఉంది. ఇక జిల్లాకు ఉత్తరాన కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాన్ని ఉద్దానం అంటాం. ఉద్యానం అన్న మాటే జనం నోట ఉద్దానం అయిందని చెబుతారు. ఒకే జిల్లాలో ఉర్దూలో ఒక తోట పేరు, తెలుగులో ఒక తోట పేరు! ఇప్పుడు ఉద్దానం అనగానే అందరికీ కిడ్నీ జబ్బు గుర్తుకొస్తోంది. గుల్షనాబాద్ అన్న పేరైతే మన పిల్లలకే తెలియదు.

చెట్టు నాటడం పుణ్యకార్యమని మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర లేదు. ఒక ముస్లిం మొక్క నాటినా, విత్తనం చల్లినా, దాని ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది నాటినవాడికి సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) సెలవిచ్చినట్లు హజ్రత్ అనస్ గారి ఉల్లేఖనం. బుఖారీలో ఉంది. అందులో తినేవాడి మతం ఏమిటన్న ప్రశ్నే లేదు. పిట్టకు కూడా వాటా ఉంది. ఖయామత్ వచ్చిపడుతున్న గడియలో చేతిలో మొక్క ఉంటే దాన్ని కూడా నాటమన్న హదీసు మీలో చాలామంది విన్నారు.

అయితే వీటికన్నా నాకు ఎక్కువగా పట్టుకున్నది హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) గారి వృత్తాంతం. ఆయన పారశీక దేశస్థుడు. సత్యాన్ని వెదుక్కుంటూ ఊళ్ళు పట్టుకు తిరిగి, మోసపోయి, చివరకు మదీనాలో ఒక యజమాని దగ్గర బానిసగా తేలారు. విడుదల కోసం యజమానితో ఒప్పందం చేసుకోమని ప్రవక్తగారు చెప్పారు. ఆ యజమాని అడిగింది 300 ఖర్జూర మొక్కలు, 40 ఊఖియాల బంగారం. ఇక్కడ ఒక మాట గమనించండి. మొక్కలు తెచ్చి ఇవ్వడం కాదు, నాటి వెళ్ళిపోవడం కాదు, వాటిని బతికించి ఇవ్వాలి. అరబీలో "జీవింపజేయడం" అన్న అర్థం వచ్చే మాటే అక్కడ ఉంది.

ఒంటరి బానిస 300 మొక్కలు ఎక్కడినుంచి తెస్తాడు? మీ సోదరుడికి సాయపడండి అని ప్రవక్తగారు సహచరులతో అన్నారు. ఒకరు 30 మొక్కలు తెచ్చారు, ఒకరు 20, ఒకరు 15, ఒకరు 10. ఎవరి తాహతు వారిది. పది తెచ్చినవారిని తక్కువ చూడలేదు. సల్మాన్ గారు గుంటలు తవ్వుతుంటే సహచరులూ చెయ్యి వేశారు. గుంటలు సిద్ధమయ్యాక ప్రవక్తగారు స్వయంగా వచ్చి తమ చేతులతో మొక్కలు నాటారు. ఒక్కటీ చావలేదని సల్మాన్ గారే చెప్పినట్లు ఉల్లేఖనం. ఈ రోజుల్లో సేవాసంఘాలు, వాలంటీర్లు అని మనం చెప్పుకునేదంతా అందులో ఉంది. ఒక మనిషి స్వేచ్ఛ మొక్కలు బతకడం మీద ఆధారపడితే, ఊరంతా కలిసి దాన్ని తమ పని చేసుకుంది.

మనకు నాటడం అంటే ఇష్టం, బతికించడం అంటే బద్ధకం. కె.ఎం. మున్షీగారు 1950లో వనమహోత్సవం ప్రారంభించారు. ఆనాటినుంచి ప్రతి ఏడూ జూలైలో దేశమంతా నాటుతూనే ఉంది. అన్నీ బతికి ఉంటే ఈపాటికి మనకు రోడ్డు మీద నడవడానికి చోటుండేది కాదు! ఫోటో అయ్యాక గెస్టుగారు కారెక్కుతారు, మొక్క మేక నోటికి వెళుతుంది. బక్రీద్‌కు ముందు మన ఇళ్ళల్లోని మేకలకూ ఇందులో వాటా ఉంది, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

మన రెండు జిల్లాలకు ఇంకో శత్రువు ఉంది, గాలి. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫాను విశాఖనూ, మన ప్రాంతాన్నీ ఎలా ఊడ్చిపెట్టిందో చూశాం. హుద్‌హుద్ అంటే సులైమాన్ అలైహిస్సలాం గారికి సబా రాణి కబురు తెచ్చిన పిట్ట. నాలుగేళ్ళ తరువాత, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చి పలాస దగ్గర తీరం దాటింది. తిత్లీ అంటే సీతాకోకచిలుక. పేర్లు ఎంత ముచ్చటగా ఉన్నాయో చూడండి, చేసిన పని మాత్రం అది! ఉద్దానంలో తరతరాల కొబ్బరి తోటలు, జీడితోటలు నేలకొరిగాయి. వరి పోతే వచ్చే ఏటికి మళ్ళీ వేసుకోవచ్చు. మన తూర్పుతీరపు పొడుగు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది. అంటుకట్టిన జీడిమొక్కకైనా మూడేళ్ళు ఆగాలి. తుఫాను తరువాత మళ్ళీ గుంట తవ్విన ఆ రైతు రాబోయే ఏడేళ్ళ తిండి ఎలాగో తెలియకుండానే తవ్వాడు. ఖయామత్ గడియలో మొక్క నాటడం అన్న హదీసుకు అర్థం నాకు అక్కడ కొంత తెలిసింది.

తుఫానుల తరువాత అందరూ గమనించిన సంగతి ఒకటుంది. వేళ్ళు పైపైన పాకే తురాయి లాంటి చెట్లు ముందు పడిపోయాయి. వేప, చింత లాంటి మన నేల చెట్లు కొమ్మలు పోగొట్టుకున్నా చాలాచోట్ల నిలబడ్డాయి. నర్సరీ సంచిలో ఎక్కువకాలం ఉన్న మొక్కకు వేళ్ళు చుట్ట చుట్టుకుంటాయి. దాన్ని అలాగే పాతిపెడితే పదేళ్ళ తరువాత కూడా ఒక్క గాలికి పడుతుంది. సంచి చింపి, వేళ్ళు విడదీసి నాటాలి. అక్టోబరు లోపల ఇరుపక్కలా కర్రలు పాతి కట్టాలి.

పొరుగున విజయనగరంలో 2019, 2020 ప్రాంతాల్లో కలెక్టరుగా ఉన్న హరిజవహర్‌లాల్ గారు తెల్లవారుజామునే బయలుదేరి, ఉద్యోగులనూ యువకులనూ వెంటబెట్టుకుని చెరువులు శుభ్రం చేయించడం, మొక్కలు నాటించడం చేసేవారు. కలెక్టరుగారు వస్తారు, బదిలీ అయి వెళతారు. బిందెతో నీళ్ళు పోయవలసింది ఆ వీధివాళ్ళే.

ఇక మన సంగతికి వద్దాం. నేను చెప్పదలచిన తోట ఖబరస్తాన్. మే నెలలో జుహర్ తరువాత జనాజా తీసుకువెళ్ళినప్పుడు మన వృద్ధులు ఎక్కడ నిలబడుతున్నారు? గోడ నీడ జానెడు ఉంటుంది, దాని కింద పదిమంది. ఒక మూల సర్కారు తుమ్మ అడవిలా పెరిగి ముళ్ళు గుచ్చుకుంటున్నాయి. సమాధుల జోలికి పోకుండా ప్రహరీ వెంబడి 40 చెట్లకు చోటుందని కొలిచి చూశాం. వేప, కానుగ, ఉసిరి, సీతాఫలం. రావి, మర్రి వద్దు, గోడలు పగులుతాయి. ముతవల్లీగారు అనుమతి ఇచ్చారు. పళ్ళ మీద ఏమైనా ఆదాయం వస్తే అది వక్ఫ్‌కే చెందాలన్నారు, అది న్యాయమే. కొట్టేసిన తుమ్మకంప మొక్కల చుట్టూ కంచెకు పనికొస్తుంది.

నీళ్ళ లెక్క చెబుతాను, వినండి. ఫిబ్రవరి మధ్యనుంచి తొలకరి దాకా సుమారు 18 వారాలు. మొదటి వేసవిలో వారానికి రెండుసార్లు, మొక్కకు ఒక్కో బిందె. అంటే మొక్కకు 36 బిందెలు. నలభై మొక్కలకు 1440. ఒక్కడు మోస్తే నడుం విరుగుతుంది. ఇంటికి ఒక మొక్క చొప్పున 40 ఇళ్ళు పంచుకుంటే వేసవంతా కలిపి ఇంటికి 36 బిందెలు. రెండో వేసవికి వారానికి ఒక్కటి చాలు. మూడో వేసవికి ఇంకా తక్కువ.

ఆ నీళ్ళు ఎక్కడివి? వజూ నీళ్ళు. కుళాయి తిప్పి వదిలేసి వజూ చేస్తే మనిషికి అయిదు లీటర్లు ఊరికే పోతాయి. జుహర్‌కు 60 మంది వస్తే 300 లీటర్లు, అంటే 15 లీటర్ల బిందెలు 20. వారానికి మనకు కావలసింది 80 బిందెలు. నాలుగు జుహర్ నమాజుల నీళ్ళు చాలు. సబ్బు ఉండదు కనుక మొక్కకు హాని లేదు. ఇప్పుడు అవన్నీ కాలవలోకి పోతున్నాయి. ఒక గొట్టం, ఒక సిమెంటు తొట్టి కావాలి, దానికి దాతలు దొరుకుతారు. ప్రవక్తగారు ఒక ముద్ద్ నీటితో, అంటే లీటరు కూడా లేని నీటితో వజూ చేసేవారని హదీసు. మనం అలా పొదుపు చేస్తే తొట్టి నిండదు కదా అని ఎవరైనా వాదిస్తారేమో. నిండకపోనివ్వండి, బోరులో నీళ్ళు మిగులుతాయి.

ఆడవాళ్ళకు ఒక మాట. కెన్యా దేశంలో వంగారి మాథాయి అనే ఆవిడ 1977లో పల్లె ఆడవాళ్ళ చేత మొక్కలు పెంచే ఉద్యమం మొదలుపెట్టారు. వాళ్ళకు చిన్న మొత్తం ఇచ్చేవారు. నాటినందుకు కాదు, బతికిన మొక్కకు మాత్రమే. కొన్ని కోట్ల చెట్లు లేచాయి. 2004లో ఆవిడకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన ఆపాలు, చాచీలు పాల కవర్లలో నారు పోయగలరు. వేపపండు రాలిన పదిహేను రోజుల లోపల గింజ పాతాలి, తరువాత మొలకెత్తే శక్తి తగ్గిపోతుంది. హైదరాబాదులో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డిగారు మిద్దె మీదే కూరగాయలు పండించి, మిద్దెతోట అన్న మాటను ఇంటింటికీ చేర్చారు. మీ డాబాల మీద రెండు ఆనప పాదులు పెట్టలేరా? ప్రవక్తగారికి ఆనపకాయ ఇష్టమని హజ్రత్ అనస్ గారే చెప్పారు. కాసిన దాంట్లో ఒకటి పక్కింటి అప్పలనరసమ్మగారికి పంపండి, ఆవిడ మీకు గోంగూర పంపుతుంది.

పేర్ల పుస్తకం ఇమామ్ సాహెబ్ గారి దగ్గర ఉంది. ఏ మొక్క ఏ ఇంటిదో అందులో రాసుకుంటాం, మొక్కకు రేకుబిళ్ళ కడతాం. ప్రతి ఏడూ ఇదే సమావేశంలో ఎన్ని నాటామో చదవం, ఎన్ని ఉన్నాయో చదువుతాం. గుంటలు రోహిణికార్తెలోనే తవ్వాలి, రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. నాలుగు వారాలు ఎండనిచ్చి, గెత్తం, వేపపిండి కలిపి పూడ్చి, వానలు కుదురుకున్నాక నాటుదాం. వచ్చే ఆదివారం ఫజర్ కాగానే ఖబరస్తాన్ గేటు దగ్గర కలుద్దాం. గునపాలు మూడు దొరికాయి. పారలు, తట్టలు ఉన్నవారు తీసుకురండి. ఎండ ఎక్కేలోగా ఇళ్ళకు వెళ్ళిపోవచ్చు. టీ ఏర్పాటు కోశాధికారిగారిది, తమ సొంత ఖర్చు మీద అని ఇప్పుడే చెవిలో చెప్పారు.

ఖుదా హాఫిజ్.