కంగారులో నిర్ణయం: ముందు కాగితం మీద పెట్టండి

జనగామ పత్తి రైతుకైనా, మహబూబాబాద్ మిర్చి రైతుకైనా, భూపాలపల్లి సింగరేణి గని కార్మికుడికైనా కంగారులో తీసుకున్న నిర్ణయం తర్వాత బరువవుతుంది.

మిర్చి ధర పడిందనుకోండి. “నా పని అయిపోయింది, ఎంతకైనా అమ్మేయాలి” అని మనసు తొందరపెడుతుంది. అది ఆలోచనే, జరిగిపోయిన సంగతి కాదు. అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన చికిత్సకు ఈ తేడాయే పునాది.

ఆ ఆలోచనను ఉన్నదున్నట్టు రాయండి. కింద రెండు వరుసలు గీయండి. నిజమనడానికి ఆధారాలు ఒకవైపు, కాదనడానికి ఇంకోవైపు. అప్పు వాయిదా ఎప్పుడు? కోల్డ్ స్టోరేజీ కిరాయి ఎంత? ఇదే చిక్కు తమ్ముడికొస్తే ఏం చెబుతారు? అప్పుడు “కొన్ని బస్తాలు అమ్మి వాయిదా కడతా, మిగతావి ఆపుతా” అనే మూడో దారి కనిపించవచ్చు. ఫలానా రోజులోగా తేల్చాలని గడువూ పెట్టుకోండి.

గనిలో ప్రమాద సూచన కనిపిస్తే మాత్రం లెక్కలు వద్దు, వెంటనే బయటికి రావాలి.

నిద్ర పట్టకున్నా, బతుకు మీద విరక్తి కలిగినా ఒంటరిగా మథనపడకండి. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవ ఉచితం. రాత్రింబవళ్లు, తెలుగులోనే మాట్లాడవచ్చు.