మహా ముష్టియోధుడెవరు? – మా తెగని వాదన

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా మదనపల్లెలో జరిగిన మదనపల్లె, పుంగనూరు, కుప్పం సభ్యుల ఉమ్మడి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. "మీరు కాసేపు వేరే కబురేదైనా చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు. అందుకని బాక్సింగు గురించి మాట్లాడదామని వచ్చాను. ముందు వరుసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. మోకాళ్ల నొప్పులవాళ్లకు ముష్టియుద్ధంతో ఏం పని అనుకుంటున్నట్టుంది. పని ఉందో లేదో చివర మీరే చెప్పండి.

నేను ఈ ఊరివాణ్ణే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాతోపాటు ఒకే ఆఫీసులో ఇద్దరు మిత్రులుండేవారు. ఒకరిది పుంగనూరు, ఒకరిది కుప్పం. సాయంత్రం టీ అంగడి దగ్గర మా ముగ్గురికీ ఒకటే వాదన. లోకంలో అందరికంటే గొప్ప బాక్సర్ ఎవరు? నేను రాకీ మార్సియానో అనేవాణ్ణి. పుంగనూరాయన షుగర్ రే రాబిన్సన్ అనేవాడు. కుప్పం ఆయన మాత్రం మహమ్మద్ అలీ తప్ప ఇంకొకరి పేరు వినేవాడు కాదు. 1980లో అలీ మద్రాసు వచ్చి, నెహ్రూ స్టేడియంలో జిమ్మీ ఎల్లిస్‌తో ప్రదర్శన పోటీ ఆడినప్పుడు ఈయన సెలవు చీటీ పెట్టి కుప్పంలో రైలెక్కి వెళ్లి చూసి వచ్చాడు. కళ్లారా చూసినవాడితో వాదించడం కష్టం!

నా వాదన లెక్కల వాదన. మార్సియానో 49 పోటీలు ఆడాడు, 49 గెలిచాడు. 1956లో ఛాంపియన్‌గానే విరమించాడు. ఓటమి సున్నా. సర్వీసు రిజిస్టరులో ఒక్క ఎర్ర సిరా గీత లేని మనిషి. ఇంకేం కావాలి అనేవాణ్ణి.

దానికి కుప్పం ఆయన జవాబు ఇది: "ఏమప్పా, ఎన్ని గెలిచినాడని కాదు, ఎవరితో గెలిచినాడు, ఎప్పుడు గెలిచినాడు అని చూడు." 1951లో మార్సియానో ఓడించిన జో లూయీ సామాన్యుడు కాడు. 1937 నుంచి 1949 దాకా ఛాంపియన్‌గా ఉండి, 25 సార్లు టైటిల్ నిలుపుకున్న మహావీరుడు. కానీ ఆ రోజుకు అతని వయసు 37. విరమించినవాడు డబ్బు ఇబ్బందులతో, పన్ను బాకీలతో మళ్లీ రింగులోకి రావలసివచ్చింది. అలాంటివాణ్ణి ఓడించిన గెలుపునూ, పాతికేళ్ల లూయీని ఓడిస్తే వచ్చే గెలుపునూ ఒకే గడిలో రాయవచ్చునా?

అదే చూపుతో అలీ ఓటములు చూడండి. 61 పోటీల్లో 5 ఓడాడు. 1971లో ఫ్రేజియర్, 1973లో నార్టన్, 1978లో స్పింక్స్. ఈ ముగ్గురినీ తరువాత మళ్లీ తలపడి ఓడించాడు. మిగిలిన రెండు 1980లో హోమ్స్ చేతిలో, 1981లో బెర్బిక్ చేతిలో. అప్పటికి అతనికి 38, 39 ఏళ్లు. పైగా 1967లో వియత్నాం యుద్ధానికి సైన్యంలో చేరనన్నందుకు టైటిల్ లాక్కున్నారు. దాదాపు మూడున్నర ఏళ్లు రింగు ఎక్కనివ్వలేదు. 25 నుంచి 28 ఏళ్లదాకా, మనిషి దుక్కలా ఉండే కాలం అంతా పోయింది. ఆ పోగొట్టుకున్న సంవత్సరాలు ఏ లెక్కలో కనిపిస్తాయి?

ఈ తగవును తేల్చడానికి అమెరికాలో ఒకాయన కంప్యూటరునే పెట్టాడు. 1969లో అలీ, మార్సియానో ఇద్దరినీ పిలిపించి రహస్యంగా రింగులో ఫిల్ము తీశారు. మార్సియానో ఒళ్లు తగ్గించుకుని, బట్టతలకు విగ్గు పెట్టుకుని వచ్చాడు. ముగింపులు రకరకాలుగా తీసి పెట్టుకున్నారు. ఆ సినిమా బయటికి రాకముందే, 1969 ఆగస్టు 31న మార్సియానో విమాన ప్రమాదంలో పోయాడు. 1970 జనవరిలో అమెరికాలో చూపిన ప్రతిలో 13వ రౌండులో మార్సియానో గెలిచాడు. ఐరోపాలో చూపిన ప్రతిలో అలీ గెలిచాడు. యంత్రం కూడా ఊరికొక తీర్పు ఇచ్చిందన్నమాట.

ఇక పుంగనూరాయన వాదన. రాబిన్సన్ హెవీవెయిట్ కాడు. వెల్టర్ వెయిట్, అంటే 147 పౌన్ల లోపు, సుమారు 66 కిలోల మనిషి. అలీ ముందు నిలబెడితే పిల్లవాడిలా కనిపిస్తాడు. మరి పెద్దవాడెలా అవుతాడు? ఆయన మాకు ఇట్లా చెప్పేవాడు. "మా పుంగనూరు ఆవును ఒంగోలు ఆవు పక్కన నిలబెట్టు. మూడడుగులు ఉంటుందో ఉండదో. కానీ అది తిన్న మేత ఎంత, ఇచ్చిన పాలెంత, ఆ పాలలో వెన్న ఎంత అని చూడు." మామూలు ఆవు పాలలో వెన్న మూడు నాలుగు శాతం ఉంటే, పుంగనూరు ఆవు పాలలో 8 శాతం వరకూ ఉంటుందంటారు. ఆ జాతి కరిగిపోతుంటే పలమనేరులోని పశు పరిశోధన కేంద్రంలో కాపాడుతూ వచ్చారు. బరువును పక్కనపెట్టి పనితనాన్ని తూచే ఈ పద్ధతినే బాక్సింగువాళ్లు 'పౌండ్ ఫర్ పౌండ్' అంటారు. ఆ మాట ప్రచారంలోకి వచ్చిందే ముఖ్యంగా రాబిన్సన్ మూలంగా. 30 ఏళ్లు నిండేదాకా అతని ఓటమి ఒక్కటే, 1943లో జేక్ లమోటా చేతిలో. మిగతావన్నీ ఆ తరువాత, 44 ఏళ్లదాకా ఆడుతూ పోవడం వల్ల వచ్చినవి.

పెద్ద పత్రికలవాళ్లూ ఇలాగే చీలిపోయారు. 1999లో శతాబ్దపు క్రీడాకారుడిగా బి.బి.సి. అలీని నిలబెట్టింది. అదే ఏడాది అసోసియేటెడ్ ప్రెస్ శతాబ్దపు బాక్సర్ రాబిన్సన్ అన్నది. 2002లో 'ది రింగ్' పత్రిక 80 ఏళ్ల జాబితా వేసి రాబిన్సన్‌కు ఒకటి, హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కు రెండు, అలీకి మూడు, జో లూయీకి నాలుగు ఇచ్చింది. ఆర్మ్‌స్ట్రాంగ్ 1938లో ఒకేసారి మూడు బరువుల్లో ప్రపంచ ఛాంపియన్. అప్పుడు ఉన్న తరగతులే ఎనిమిది. ఇప్పుడు తరగతులు 17, టైటిళ్లు ఇచ్చే పెద్ద సంస్థలు నాలుగు. నేటి మూడు టైటిళ్లూ, నాటి మూడు టైటిళ్లూ ఒకటి కావు. అన్నిటికంటే ముఖ్యం, అసలు జాబితాలోకి రానివ్వనివాళ్లు. 1915లో జాక్ జాన్సన్ ఓడిన తరువాత 1937లో జో లూయీ వచ్చేదాకా, 22 ఏళ్లపాటు ఏ నల్లజాతి బాక్సరుకూ హెవీవెయిట్ టైటిల్ కోసం తలపడే అవకాశమే ఇవ్వలేదు. హ్యారీ విల్స్ అనే ఆయన డెంప్సీతో పోటీ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసి అలాగే ముసలివాడైపోయాడు. ప్రమోషన్ కమిటీ ముందుకు ఫైలే పోనివాణ్ణి "ప్రమోషన్ రాలేదు కాబట్టి అసమర్థుడు" అనడం ఎంత న్యాయం?

మన ఇళ్లలో ఇప్పుడు ఇదే వాదన ఆడపిల్లల మీద నడుస్తోంది. మా మనవరాలు నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ అభిమాని. నేను మేరీకోమ్ పక్షం. మేరీకోమ్‌కు ప్రపంచ ఛాంపియన్‌షిప్ స్వర్ణాలు ఆరు. నిఖత్‌కు రెండు, 2022లో ఇస్తాంబుల్‌లో ఒకటి, 2023లో ఢిల్లీలో ఒకటి. "ఆరు పెద్దదా, రెండు పెద్దదా?" అన్నాను. "తాతా, నిఖత్ అక్క ఇంకా ఆడుతూనే ఉంది కదా, అప్పుడే లెక్క మూసేస్తావా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఒలింపిక్సులో మేరీకోమ్‌కు కాంస్యం ఒక్కటే కదా అనేవాళ్లూ ఉన్నారు. ఒలింపిక్సులో ఆడవాళ్ల బాక్సింగు మొదలైందే 2012లో. అప్పటికే ఆమె ఐదుసార్లు ప్రపంచ విజేత. తన బరువు తరగతి అక్కడ లేకపోతే పై తరగతికి ఎక్కి, 51 కిలోల్లో ఆడి ఆ కాంస్యం తెచ్చింది.

2019లో నిఖత్ చేసిన పని నాకు బాగా నచ్చింది. ఒలింపిక్ అర్హత పోటీలకు పంపేముందు తనకూ ట్రయల్ పెట్టండని క్రీడా మంత్రికి బహిరంగంగా రాసింది. "అంత పెద్దావిడతో నీకు పోటీయా" అన్నవాళ్లున్నారు. ట్రయల్ పెట్టారు. ఓడిపోయింది. మూడేళ్లలో ప్రపంచ విజేత అయింది. ఆ అమ్మాయి ఎవరి స్థానమూ అడగలేదు, రింగులోకి రానివ్వమని అడిగింది.

పని ఉందన్నాను కదా, అది ఇక్కడే. ఈరోజు మనం కూడినది 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పును తలచుకోవడానికి. 1979 మార్చి 31 అనే ఒక తేదీ గీత గీసి, దానికి ముందు రిటైరైనవాళ్లను ఒక పక్క, తరువాతివాళ్లను ఒక పక్క నిలబెట్టి, పెంచిన పెన్షన్ ఒక పక్కకే ఇస్తే, ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం అది చెల్లదన్నది. సేవ ఒకటే అయినప్పుడు కాలం గీతతో మనిషిని తగ్గించవద్దన్నదే దాని సారం. అయినా మన సంఘంలోనే "మా రోజుల్లో పని చేసినట్టు ఈ కొత్తవాళ్లు చేశారా" అని పెద్దలూ, "ఆ పాతవాళ్లకు కంప్యూటరు ముట్టుకోవడం వచ్చా" అని చిన్నవాళ్లూ అనుకోవడం నేను విన్నాను. నేనూ అన్నాను. చేతిరాతతో లెడ్జర్లు నింపినవాడి కష్టం వేరు, రోజుకు వంద మంది ముందు తెర చూస్తూ కూర్చున్నవాడి కష్టం వేరు.

పోయిన నెల కుప్పం మిత్రుణ్ణి చూడటానికి వెళ్లాను. ఆయనకు కొన్నేళ్లుగా పార్కిన్సన్స్ జబ్బు. అలీకి 1984లో బయటపడినదే. చేతులు వణుకుతాయి. సంతకం కలవలేదని ఒకచోట కాగితాలు వెనక్కి పంపితే, 36 ఏళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన మనిషి వేలిముద్ర వేసి వచ్చాడు. ఆ రోజు చాలా చిన్నబుచ్చుకున్నాడట. నాతో మాత్రం నవ్వుతూ, "1996లో అట్లాంటాలో జ్యోతి వెలిగించేటప్పుడు అలీ చెయ్యి ఇట్లాగే వణికింది. లోకమంతా చూస్తున్నా దాచుకోలేదు సామీ" అన్నాడు. నా సున్నా ఓటముల మార్సియానోను ఆ రోజు నేను ఎత్తలేదు.

జాబితా అడుగుతారు కాబట్టి చెప్తాను. పనితనానికి రాబిన్సన్. పదవిని నిలుపుకోవడానికి జో లూయీ. మచ్చలేని రికార్డుకు మార్సియానో. పోగొట్టుకుని మళ్లీ సంపాదించినవాడికి అలీ. నాలుగు కొలతలు, నలుగురు మొదటివాళ్లు. ఒప్పుకోనివాళ్లు సభ అయ్యాక టీ దగ్గరికి రండి, వాదించుకుందాం. ఒక్క మనవి. ఇంటికి వెళ్లాక మీకంటే ముందు రిటైరైనవారిని ఒకరిని, తరువాత రిటైరైనవారిని ఒకరిని పలకరించండి. కుప్పం వైపు పోయేవాళ్లు మా మిత్రుణ్ణి కూడా పలకరించి రండి. బాక్సింగు మాటెత్తితే చాలు, గంటసేపు వదలడు.