నివేదికలో మా వాడ లేదు

(దళిత ఉపాధ్యాయులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జిల్లాకు కొత్త విద్యాధికారి వచ్చారు. ఆయన మంచివాడా, చెడ్డవాడా అని తేల్చడానికి మేము నిలబడలేదు. మనిషి మంచివాడే. జూన్‌లో బళ్ళు తెరిచిన దగ్గర్నుంచి రెండు నెలలు ఊరూరూ తిరిగారు. చెప్పకుండా వచ్చారు. పిల్లల పక్కన చాప మీద కూర్చున్నారు. మరుగుదొడ్డి తలుపు తానే తీసి చూశారు. ఇన్నేళ్ళ నౌకరీలో ఇట్లాంటి అధికారిని మేము చూడలేదు. ఆ తర్వాత ఒక నివేదిక రాసి, దాని వెంట ఒక పథకం పెట్టారు. మన పంచాయితీ ఆ రెంటితోనే.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. పిల్లలకు చదవడం రావడం లేదని ఆయన రాశారు. నిజమే. మాలో ఒకరు పనిచేసే వాడ బడిలో నాలుగో తరగతి పిల్ల ఒకతి పాఠం గడగడా చదివింది. అందరం సంతోషపడ్డాం. ఆయన నవ్వి, పేజీ నడిమధ్యన ఒక మాట మీద వేలు పెట్టి ‘ఇదేంది బిడ్డా?’ అని అడిగారు. పిల్ల ఆగిపోయింది. అంతదాకా చదివింది కాదు, అప్పజెప్పింది. ఆ వేలు ఆ పిల్ల మీద పెట్టింది కాదు, మా మీద పెట్టింది.

2021లో కేంద్రం నిపుణ్ భారత్ అన్నది. 2026-27 నాటికి మూడో తరగతి దాటే ప్రతి పిల్లా చదవాలె, లెక్క చెయ్యాలె అన్నది. 2022లో మన రాష్ట్రంలో తొలిమెట్టు అన్నారు. చార్టులు వచ్చాయి, శిక్షణలు అయ్యాయి, ఫార్మాట్లు నింపాం. నింపినంత శ్రద్ధగా చదివించామా? వాడలో పుట్టి, వాడ బడిలో చదివి, ఇంట్లో మొదటిసారి డిగ్రీ పట్టా చూసిన మేము, మా పిల్లల్ని పచ్చ బస్సు ఎక్కించి ప్రైవేటు బడికి తోలుతున్నాం. ఈ మాట చెప్పకుండా అధికారిని విమర్శించే హక్కు మాకు లేదు.

ఇక పథకం. రోజూ అరగంట చదివించాలట, మంచిదే. నెలనెలా పరీక్ష పెట్టి బళ్ళకు ఏ, బీ, సీ అని గ్రేడులు ఇస్తారట. సీ వచ్చిన టీచరుకు మెమో. ఇక్కడ మా చిన్ననాటి సంగతి ఒకటి చెప్పాలి. మేము మూడో తరగతిలో ఉండగా ఇన్‌స్పెక్షన్ అంటే ముందురోజే సారు తరగతిలో వేలు చూపించి, ‘నువ్వు, నువ్వు, నువ్వు రేపు రాకుండ్రి. సార్లు వస్తుండ్రు’ అనేవాడు. ఆ వేలు ఎప్పుడూ మా దిక్కే వచ్చేది. మేము తుమ్మచెట్టు కింద కూర్చొని జీపు వచ్చేది, పోయేది చూసేవాళ్ళం. జీపులో వచ్చినాయన మా బడి బాగుందని రాసిపోయేవాడు. రేపు గ్రేడులు వస్తే పరీక్షనాడు ఇంట్లో ఉండమని ఎవరికి చెప్తారో మాకు వేరే చెప్పనక్కర లేదు. మాలాంటి టీచర్లే చెప్తారు. మెమో భయం కులం చూడదు.

నివేదికలో మండలాలు ఉన్నాయి, కాంప్లెక్సులు ఉన్నాయి, ఆడపిల్లలు, మగపిల్లల లెక్క ఉంది. వాడ లేదు. ఊళ్ళో బడికి, వాడలో బడికి తేడా లేనట్టు రెంటినీ ఒకే వరుసలో రాశారు. వాడ బడిలో అయిదు తరగతులకు ఒక్క టీచరు. చట్టం ఏమంటున్నది? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు ఉండాలని రాసి ఉంది. ఆ ఒక్క టీచరే బీఎల్‌వో డ్యూటీకి పోవాలి, కాంప్లెక్సు మీటింగుకు పోవాలి, బియ్యం లెక్క రాయాలి, సిగ్నల్ కోసం డాబా ఎక్కి ఫోటోలు పెట్టాలి. ఆయన సెలవు పెడితే బడి మూతే. ఈ బడికి సీ గ్రేడు వస్తే అది పిల్లల గ్రేడా, ఖాళీ పోస్టు గ్రేడా?

లెక్క తీయడం తప్పని మేము అనడం లేదు. లెక్క మన ఆయుధమే. 1927 మార్చిలో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో విద్యాపద్దు మీద మాట్లాడుతూ, బడిలో చేరిన వందమందిలో నాలుగో తరగతి దాకా వచ్చేది పద్దెనిమిది మందేనని చూపించారు. అక్కడ ఆగలేదు. జనాభాలో ఏ వర్గం ఎంత, చదువులో దాని వంతు ఎంత అని పక్కపక్కన పెట్టి అడిగారు. దాదాపు వందేళ్ళయింది. మన జిల్లా నివేదిక ఆ మొదటి లెక్క తీసి, రెండో లెక్క దగ్గర కలం ఆపింది.

ఇంకొకటి. ఆయన బళ్ళు చూసింది జూన్, జూలైలో. పత్తి పగిలినంక చూడాలి మా బళ్ళు. తల్లి తెల్లారగట్ల ఏరడానికి పోతే చంటోణ్ణి చంకనేసుకొని ఇంటికాడ ఉండేది ఎవరు? ఇందాక చెప్పిన పిల్లే. రిజిస్టరులో పేరు ఉంటుంది, పిల్ల ఉండదు. రెండు నెలలు బడికి దూరమైన పిల్ల మాట మధ్యన ఆగిపోక ఏం చేస్తుంది? అంగన్‌వాడీ పొద్దు మునిగేదాకా నడిస్తే ఆ పిల్ల సగం చదువు నిలబడుతుంది. ఆ మాట పథకంలో లేదు, అది వేరే శాఖ కదా.

అసలు దెబ్బ చివరి పేజీలో ఉంది. ఇరవై మంది లోపు పిల్లలున్న బళ్ళను దగ్గరి పెద్ద బడిలో కలుపుతారట. దగ్గర అంటే ఎంత? మన నిబంధనల్లో ప్రాథమిక బడి కిలోమీటరు లోపు ఉండాలి. మా వాడ నుంచి ఊరి బడికి కిలోమీటరున్నర. మధ్యలో లారీలు పోయే రోడ్డు. వ్యాను పెడతామంటున్నారు. డీజిల్ డబ్బులు రాని నెల ఆ వ్యాను ఎక్కడుంటుంది? పక్క రాష్ట్రంలో 2022లో 117 జీవో ఇచ్చి మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకు తోలారు. 2025లో ఆ జీవోను వాళ్ళే రద్దు చేసుకున్నారు. ఆ మూడేళ్ళలో బడి మానిన పిల్లను ఏ జీవో వెనక్కి తెస్తుంది?

వాడ బడి పోతే పిల్లలే కాదు, వంట చేసే అక్క కూడా పోతుంది. బిల్లులు నెలల తరబడి రాకున్నా అప్పుచేసి వండుతున్న మనిషి. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వండే పనిలో దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. ఊరి బడిలో వంట ఇప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. మా అక్క గరిటెకు అక్కడ చోటుండదు. ఈ అక్కను నివేదికలో ఏ కాలమ్‌లో రాస్తారు?

పోయిన వారం మేము అయిదుగురం పోయి ఆయన్ను కలిశాం. కూర్చోమన్నారు, చాయ్ ఇచ్చారు, అంతా విన్నారు. చివరికి, ‘పిల్లల్ని కులాలుగా విడదీసి చూడటం నాకు ఇష్టం ఉండదు’ అన్నారు. ‘విడదీసింది మేము కాదు సార్, ఊరు కట్టినప్పుడే విడదీసిండ్రు. యూడైస్ ఫారంలో ఎస్సీలు ఎంతమంది అని ఏటా మీ ఆఫీసే అడుగుతది, మేమే నింపి పంపుతున్నం. ఆ కాలమ్ తీసి ఈ నివేదిక పక్కన పెట్టండి, చాలు’ అన్నాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. పత్తి రోజుల్లో ఇంకోసారి తిరుగుతానన్నారు. గ్రేడుల సంగతి చూస్తానన్నారు. విలీనం ఫైలు మాత్రం పైన ఉందన్నారు. బడి కమిటీ తీర్మానం వ్యతిరేకంగా వస్తే దాన్ని జత చేసి పంపుతానన్నారు. ఆ ఒక్క మాట పట్టుకొని వచ్చాం.

అందుకే అమ్మలతో మా పని. చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్ళే ఉండాలి. ఇన్నాళ్ళూ రాయని కాయితం మీద సంతకం పెట్టించుకొని, తర్వాత లోపల తీర్మానం రాసుకున్నారు. పెట్టించుకున్నవాళ్ళలో మేమూ ఉన్నాం. ఈసారి రాసిన తర్వాతే సంతకం. చదవరానివాళ్ళు అక్కడే గట్టిగా చదివించుకోండి. కూలి పోతదని మీటింగు పొద్దుగూకినంక పెట్టమని హెడ్మాస్టర్లను అడిగాం, కొందరు ఒప్పుకున్నారు. మా వాడలో వచ్చే శనివారం ఏడు గంటలకు. నాలుగో తరగతి పిల్ల తల్లి వస్తానన్నది. తీర్మానం పిల్లతో చదివిస్తరా అని అడిగింది. రోజూ సాయంత్రం ఆ పిల్లను కూర్చోబెట్టుకుంటున్నాం, ఒక్కొక్క మాట మీద వేలు పెట్టి.